నేల దగ్గరపడితే విమానం ఎందుకు కేకేస్తుంది?



జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన నరసాపురం పక్క పడమటి గాలి వీస్తుంది కదా. ఆ రోజుల్లో సాయంత్రం పూట మిద్దె ఎక్కి ఆకాశం చూడండి. ఒకదాని వెనక ఒకటి విమానాలు పడమరకు దిగిపోతుంటాయి. విమానం సాధారణంగా గాలికి ఎదురుగానే దిగుతుంది. దేవనహళ్ళి విమానాశ్రయంలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. అందువల్ల పడమటి గాలి ఉన్నప్పుడు అవి తూర్పు నుంచి, అంటే మన కోలారు జిల్లా వైపు నుంచి దిగుతాయి.

అది చూసిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మబ్బు కమ్ముకున్నప్పుడు పైలట్‌కు కింద ఏమీ కనపడదు కదా. మరి నంది కొండ అడ్డం వస్తే?" చాలా మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు వెతకటానికే ఒక ఇంజనీరు తన జీవితమంతా పెట్టాడు. ఆ జవాబు సరిగ్గా వినకపోతే ఏమవుతుందో మన కర్ణాటకలోనే చూశాం. ఈసారి అదే చెప్పుకుందాం.

ఎత్తు అంటే ఏ ఎత్తు?

పైలట్ ముందు ఆల్టీమీటర్ అనే పరికరం ఉంటుంది. అది నిజానికి ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలను అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది, అంతే. సముద్ర మట్టం దగ్గర సుమారు 28 అడుగులు ఎక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, గాలి పీడనం రోజూ ఒకేలా ఉండదు. వాన పట్టినప్పుడు ఒక రకంగా, ఎండ కాసినప్పుడు ఒక రకంగా ఉంటుంది. అందుకే దిగే ముందు కంట్రోల్ టవర్ వాళ్ళు ఆ వేళకు ఉన్న పీడనం అంకె చెబుతారు. పైలట్ ఆ అంకెను పరికరంలో సరిచేసుకోవాలి. పది హెక్టోపాస్కల్‌ల తేడా వచ్చిందంటే ఎత్తు సుమారు 280 అడుగులు తప్పు చూపిస్తుంది. అంటే పాతిక అంతస్తుల మేడంత తేడా!

రెండోది, ఆ ఎత్తు సముద్ర మట్టం నుంచి లెక్క. కాళ్ళ కింద ఉన్న నేల నుంచి కాదు. పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో చిత్తూరుకు దిగిన వాళ్ళకు తెలుసు, మనం ఉండేది ఎంత మెట్ట మీదో. ఆల్టీమీటర్ 4,000 అడుగులు చూపిస్తోందని అనుకోండి. చెన్నై విమానాశ్రయం మీద అయితే విమానం కింద దాదాపు నాలుగు వేల అడుగుల ఖాళీ ఉన్నట్టు. దేవనహళ్ళి మీద అయితే వెయ్యి అడుగులే, ఎందుకంటే ఆ విమానాశ్రయమే 3,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న నంది కొండ శిఖరం 4,851 అడుగులు. అక్కడ 4,000 అంటే కొండ రాతి లోపల ఉన్నట్టు! పరికరం మాత్రం మూడు చోట్లా ఒకే అంకె చూపిస్తుంది.

విమానం పాడు కాలేదు, ఇంజన్లు బాగానే ఉన్నాయి, పైలట్ చేతుల్లోనే ఉంది. అయినా ఎక్కడున్నామో తెలియక నేరుగా పోయి కొండనో నేలనో గుద్దుకోవటం ఒకప్పుడు ప్రయాణికుల విమానాలకు పెద్ద గండం.

బడి కిటికీలోంచి చూసిన పిల్లవాడు

ఈ గండానికి విరుగుడు కనిపెట్టినాయన పేరు డాన్ బేట్‌మన్. 1932లో కెనడాలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో సస్కటూన్ ఊళ్ళో బడిలో కూర్చుని ఉండగా ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాయి. బేట్‌మన్, అతని స్నేహితుడు బడి ఎగ్గొట్టి ఆ విమానాలు పడినచోటికి పరుగెత్తారు. అక్కడ చూసింది ఆయన జన్మలో మరచిపోలేదు. మర్నాడు టీచరమ్మ బడి ఎగ్గొట్టినందుకు శిక్షగా, చూసిందంతా రాసుకు రమ్మంది. రాసింది చదివి, ఇన్ని అక్షర దోషాలు చేసేవాడివి నువ్వు తప్పకుండా ఇంజనీరువే అవుతావు అన్నదట. (పిల్లలూ, దీన్ని సాకుగా తీసుకుని డిక్టేషన్ మానకండి!)

1960ల చివర్లో ఆయన ఒక పెట్టె తయారుచేశాడు. దాన్ని జీపీడబ్ల్యూఎస్ అంటారు. నేల దగ్గరపడితే హెచ్చరించే పెట్టె అన్నమాట. 1974 డిసెంబరు 1న అమెరికాలోని వర్జీనియాలో దిగబోతున్న ఒక విమానం కొండను గుద్దుకుని 92 మంది చనిపోయారు. ఆ తర్వాత పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటిలో ఈ పెట్టె ఉండాలని అక్కడి ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. నెమ్మదిగా ప్రపంచమంతా అదే దారి పట్టింది.

పెట్టె ఎలా పనిచేస్తుంది?

దీనికి కన్ను రేడియో ఆల్టీమీటర్. అది విమానం అడుగు నుంచి కిందికి రేడియో తరంగాలు పంపుతుంది. అవి నేలకు తగిలి తిరిగి రావటానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. లోయ ముందు నిలబడి కేకేస్తే ప్రతిధ్వని వస్తుంది చూడండి, అదే సూత్రం. ఇది సముద్రం లెక్క చెప్పదు, కింద ఉన్న నేల ఎంత దూరమో అదే చెబుతుంది. సుమారు 2,500 అడుగుల లోపలికి వచ్చినప్పటి నుంచి పనిచేస్తుంది.

ఆ కన్ను చెప్పినదాన్ని బట్టి పెట్టె ముఖ్యంగా అయిదు సంగతులు కనిపెట్టి ఉంటుంది.

1. మరీ వేగంగా కిందికి దిగుతున్నామా? అయితే "సింక్ రేట్" అంటుంది. అంటే దిగే వేగం ఎక్కువైంది అని. ఇంకా ముదిరితే "పుల్ అప్", ముక్కు పైకెత్తు అని అరుస్తుంది.

2. విమానం దిగకపోయినా కింద నేలే పైకి లేస్తోందా? కొండ వాలు మీదికి పోతుంటే ఇలా అవుతుంది. అప్పుడు "టెరైన్, టెరైన్" అంటుంది. టెరైన్ అంటే నేల తీరు.

3. పైకి లేచిన వెంటనే మళ్ళీ కిందికి జారుతోందా? అయితే "డోంట్ సింక్" అంటుంది.

4. చక్రాలు దించకుండా, రెక్కల వెనక ఉండే ఫ్లాప్‌లు చాచకుండా నేలకు దగ్గరైందా? అయితే "టూ లో, గేర్" అనో, "టూ లో, ఫ్లాప్స్" అనో అంటుంది.

5. రన్‌వే నుంచి వచ్చే రేడియో దారి కంటే కిందికి జారిందా? "గ్లైడ్ స్లోప్" అని గుర్తు చేస్తుంది.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. "మరి దిగిన ప్రతిసారీ నేల దగ్గరకే వస్తుంది కదా, ప్రతిసారీ ఎందుకు కేకేయదు?" జవాబు నాలుగో సంగతిలోనే ఉంది. చక్రాలు దించి, ఫ్లాప్‌లు చాచి, నెమ్మదిగా దిగుతుంటే ఇది కావాలని దిగుతున్న విమానమే అని పెట్టె నమ్ముతుంది, ఊరుకుంటుంది. మామూలుగా విమానం దిగే వాలు మూడు డిగ్రీలు. అంటే కిలోమీటరు ముందుకు పోతే సుమారు 52 మీటర్లు కిందికి. రన్‌వేకు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం ఆ వాలు మీద సుమారు 1,560 మీటర్ల పైన ఉండాలి. లెక్కల కాపీలో గీసి చూడండి.

ముందుచూపు వచ్చింది

పాత పెట్టెకు ఒక లోపం ఉండేది. దానికి కింద ఏముందో తెలుసు గానీ ముందు ఏముందో తెలియదు. తల వంచుకుని కాళ్ళ దగ్గరే చూస్తూ నడిచేవాడికి ఎదురుగా గోడ ఉంటే ఎప్పుడు తెలుస్తుంది? నిట్టనిలువు కొండ ఎదురైతే పెట్టె అరిచేసరికి ఆలస్యమైపోయేది. 1995 డిసెంబరు 20 రాత్రి కొలంబియాలోని కాలీ నగరానికి దిగబోతూ ఒక బోయింగ్ 757 దారి తప్పి కొండల్లోకి పోయింది. పెట్టె అరిచింది గానీ గుద్దుకోవటానికి పదీ పన్నెండు సెకన్ల ముందు మాత్రమే. పైలట్లు ముక్కు పైకెత్తారు. వేగం తగ్గించటానికి రెక్కల మీద తెరిచిన పలకలను మాత్రం మూయలేదు. 159 మంది చనిపోయారు, నలుగురు బతికారు.

అప్పటికే బేట్‌మన్ బృందం కొత్త పెట్టె మీద పనిచేస్తోంది. ప్రపంచంలోని కొండలు, లోయల ఎత్తులన్నీ అందులో పటంలా దాచారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక, అక్కడి సైన్యం తయారుచేసిన పటాలు కూడా కొని అందులో చేర్చారు. ఉపగ్రహాల సాయంతో విమానం ఎక్కడుందో తెలుసుకుని, ఆ పటంతో పోల్చి, ఇప్పుడున్న దారినే పోతే ఏం తగులుతుందో ఈ పెట్టె ముందే చెప్పేస్తుంది. దీన్ని ఈజీపీడబ్ల్యూఎస్ అంటారు. సుమారు ఒక నిమిషం ముందు జాగ్రత్త అని, అర నిమిషం ముందు పైకెత్తు అని హెచ్చరిస్తుంది. తెర మీద ప్రమాదం లేని నేల పచ్చగా, దగ్గరగా ఉన్నది పసుపుగా, ముంచుకొచ్చేది ఎర్రగా కనపడుతుంది. ఇది వచ్చాక, ఈ పెట్టె ఉన్న విమానాలు కొండలను గుద్దుకోవటం చాలా అరుదైపోయింది. 2023లో బేట్‌మన్ కన్నుమూశాడు. ఆయన పేరు వినని కోట్ల మంది ఆయన పుణ్యాన ఇల్లు చేరుతున్నారు.

బెంగళూరు, 1990 ఫిబ్రవరి 14

ఇప్పుడు మన పక్క ఊరికి వద్దాం. మీ ఇంట్లో తాతయ్యను, నాయనమ్మను అడగండి, వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి దేవనహళ్ళి విమానాశ్రయం లేదు, అది 2008లో వచ్చింది. అప్పట్లో విమానాలన్నీ హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికే వచ్చేవి. ఆ రోజు బొంబాయి నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం వస్తోంది. కొత్తగా కొన్న ఎయిర్‌బస్ ఎ320. పగలు ఒంటిగంట సమయం. ఆకాశం తేటగా ఉంది, రన్‌వే కళ్ళకు కనపడుతూనే ఉంది.

నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగాలని పైలట్లు అనుకున్నారు. దానికి తిప్పాల్సిన మీట ఒకటి, ఎంత ఎత్తుకు దిగాలో చెప్పే మీట ఇంకొకటి. రెండూ ఒకే వరసలో ఉంటాయి. బహుశా ఒకదానికి బదులు ఇంకొకటి తిప్పారని విచారణలో తేలింది. అంటే "నిమిషానికి 700 అడుగులు దిగు" అనబోయి "700 అడుగుల ఎత్తుకు దిగు" అని చెప్పారన్నమాట. హెచ్‌ఏఎల్ విమానాశ్రయం సముద్ర మట్టానికి దాదాపు 2,900 అడుగుల పైన ఉంది. 700 అంటే అక్కడి నేలకు రెండు వేల అడుగులకు పైగా లోతు! కేజీఎఫ్‌లో మన తాతలు దిగి పనిచేసిన గనుల లెక్క. యంత్రానికి అది తెలియదు. చెప్పింది చేసింది. ఇంజన్లు మందగించాయి, వేగం తగ్గుతూ పోయింది.

ఆఖరి క్షణాల్లో "సింక్ రేట్" అని పెట్టె హెచ్చరించింది. అప్పటికే నేల చాలా దగ్గర. మందగించిన జెట్ ఇంజను మళ్ళీ పూర్తి బలం పుంజుకోవటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లు వాళ్ళ దగ్గర లేవు. విమానం రన్‌వేకు సుమారు 2,300 అడుగుల ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి, గట్టును గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. 146 మందిలో 92 మంది చనిపోయారు.

చక్రాలు దించి, ఫ్లాప్‌లు చాచి వస్తున్న విమానం దిగటానికే వస్తోందని ఆ కాలపు పెట్టె నమ్మింది. రన్‌వే ఎక్కడుందో దానికి తెలియదు. ఈనాటి పెట్టెలో రన్‌వేల పటం కూడా ఉంటుంది. రన్‌వేకు ఇంత దూరంలో ఇంత కిందికి వచ్చావెందుకని అది అడుగుతుంది.

మంగళూరు, 2010 మే 22

రెండో కథ ఇంకా బాధ పెట్టేది. ఎందుకంటే ఈసారి కొత్త పెట్టె ఉంది, అది సమయానికే అరిచింది, పక్కనున్న మనిషి కూడా చెప్పాడు.

దుబాయి నుంచి 166 మందితో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 తెల్లవారుజామున వస్తోంది. మంగళూరు విమానాశ్రయం కొండ తల చెక్కి బల్ల మీద పరిచినట్టు కట్టింది. రన్‌వే చివర లోయ. రికార్డయిన రెండు గంటల్లో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రలో ఉన్నాడని విచారణ చెప్పింది. లేచి తేరుకునేసరికి విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. ఆ ఎత్తు తగ్గించటానికి నిటారుగా దిగటం మొదలుపెట్టారు. "సింక్ రేట్" అని, "పుల్ అప్" అని పెట్టె మళ్ళీ మళ్ళీ అరిచింది. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు "గో అరౌండ్", అంటే దిగొద్దు, మళ్ళీ పైకి లేచి తిరిగి వద్దాం అన్నాడు.

కెప్టెన్ వినలేదు. 8,033 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటిపోయాక చక్రాలు సరిగా నేలను తాకాయి. ఆఖర్లో మళ్ళీ లేపాలని చూశారు గానీ అప్పటికి మించిపోయింది. విమానం లోయలో పడి కాలిపోయింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు.

పోయినవాళ్ళను నిందించటానికి ఇది రాయటం లేదు. అలసట, తొందర, ఎలాగోలా సరిపోతుందిలే అనే ఆశ మనందరిలోనూ ఉన్నవే. అందుకే దీన్ని తెలుసుకోవాలి.

మనకు ఇందులో ఏముంది?

"నాన్నా పులి" కథ మీ అందరికీ తెలుసు. మొదట్లో ఈ పెట్టెలు అనవసరంగా కూడా చాలాసార్లు అరిచేవి. దాంతో కొందరు పైలట్లు నమ్మటం మానేశారు. అబద్ధపు కేకలు తగ్గించటానికే ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. ఇప్పుడు పైలట్లకు నేర్పే పాఠం ఒక్కటే. మబ్బులోనో చీకట్లోనో "పుల్ అప్" వినపడితే వాదన వద్దు, ఆలోచన తర్వాత. ముందు ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చి పైకి లేవాలి. క్షేమంగా పైకి చేరాక కారణం వెతుక్కోవచ్చు.

అలాగే, మబ్బు ఉంటే వెయ్యి అడుగుల ఎత్తుకు, నిర్మలంగా ఉంటే అయిదు వందల అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు, దారి అన్నీ కుదిరి ఉండాలి. లేకపోతే దిగే ప్రయత్నం మానేసి మళ్ళీ లేవాలి. కాబట్టి తల్లిదండ్రులారా, మీరెప్పుడైనా ప్రయాణంలో ఉండగా నేల దాకా వచ్చిన విమానం ఒక్కసారిగా హోరుమంటూ పైకి లేస్తే భయపడకండి, పైలట్‌ను తిట్టుకోకండి. ఆ మనిషి తన పని సరిగ్గా చేస్తున్నాడు. పావుగంట ఆలస్యమవుతుంది, అంతే.

ఇంకో మాట. మంగళూరు తర్వాత అందరూ అడిగిన ప్రశ్న, ఆ చిన్న పైలట్ చెప్పాడు కదా, ఎందుకు ఆపలేకపోయాడు అని. పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పకూడదని మనం పిల్లలకు నేర్పుతాం. అది మర్యాద. కానీ హెచ్చరించటం ఎదురు చెప్పటం కాదు. నాయన బండి నడుపుతూ ఫోను మాట్లాడుతుంటే "నాయనా, వద్దు" అనే పిల్ల తప్పు చేయటం లేదు. బోర్డు మీద లెక్క తప్పితే "సార్, అక్కడ కూడిక చూడండి" అనే పిల్లవాడు సార్‌ను అవమానించటం లేదు. అలా చెప్పే ధైర్యం పిల్లలకు రావాలంటే వినే ఓపిక మనకు ఉండాలి. ఈ పాఠం విమాన సంస్థలు ఇప్పుడు పైలట్లందరికీ నేర్పుతున్నాయి. చిన్నవాడు గట్టిగా చెప్పటం, పెద్దవాడు వినటం, రెండూ సాధన చేయిస్తారు.

ఇంటి పని

కొన్ని మొబైల్ ఫోన్లలో గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. ఇంట్లో అలాంటి ఫోను ఉంటే, పెద్దవాళ్ళతో కలిసి కోలారు అంతరగంగ కొండకు పోయినప్పుడు మెట్ల కింద ఒకసారి, పైన ఒకసారి అంకె రాసుకోండి. మనం మెట్ట మీద ఉన్నాం కాబట్టి తేడాను 30తో గుణించండి. మీరు సుమారు ఎన్ని అడుగులు ఎక్కారో వస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లోనే అదే చోట, అదే వేళకు అంకె చూడండి. మీరు కదలకపోయినా అది మారుతుంది. ఎందుకు మారిందో, దాని వల్ల పైలట్‌కు ఏం చిక్కో మీ మాటల్లో ఒక పేజీ రాసి సైన్సు టీచర్‌కు ఇవ్వండి. అక్షర దోషాలున్నా ఫరవాలేదు, దిద్దుకుందాం.